రెండు దొడ్లలో ఒకే మంద

నాయన ఫోటో స్టూడియోలోని పాత కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు వేద్దామని ఈరోజు మూత తీశాను. వేడెక్కిన దుమ్ము వాసనకు అవ్వ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఆత్మకూరులో ఇదే కంప్యూటర్‌కు నాయన కొత్త హార్డ్‌డిస్కు బిగించి, పాతదాంట్లోని ఫోటోలు ఎక్కిస్తున్నాడు. మర్రిపాడులో గొర్రెలు కాసే అవ్వ పక్కనే కూర్చుని చూస్తోంది.

"మందను తోలేస్తే పాత దొడ్డి ఖాళీనే కదరా?"

"లేదుమా, ఇవి రెండు చోట్లా ఉంటాయి."

"అట్టాంటి దొడ్డి నాకూ ఒకటి తెచ్చియ్యిరా!"

అవ్వ నవ్వింది. నాయన తెచ్చిస్తాడని నేను నమ్మాను. ఆ సెలవులంతా మర్రిపాడులో పొద్దున్నే లేచి, మంద రెట్టింపైందేమోనని గొర్రెల్ని ఎంచాను.

ఇప్పుడు గొర్రెపిల్లను ఎత్తుకున్న అవ్వ ఫోటో మూడో డిస్కులోకి చేరింది. పాత డిస్కుల్లోవి చెరిపేయడానికి చెయ్యి రాలేదు. మర్రిపాడులో దొడ్డి ఏనాడో ఖాళీ అయింది.