ఎడమ పక్క సీటు

పోయిన నెల విడవలూరు నుంచి నెల్లూరుకు తిరిగి వస్తుంటే దారిలో కారు వెనక చక్రం గాలి దిగిపోయింది. నడుపుతున్నది నేను. ఎడమ పక్క సీట్లో మా పిన్ని, చుట్టాలు కట్టిచ్చిన మునక్కాయల కట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. సంగతి నాకు తెలియకముందే ఆమెకు తెలిసిపోయింది. "పాపా, బండి ఎడం పక్కకి లాగతా ఉండాది. నిదానంగా ఓరకి తియ్యి. బ్రేకు గట్టిగా తొక్కబాక" అంది. నలభై దాటిన నన్ను పాపా అని పిలిచే మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే.

కారు పక్కకు తీసి ఆపి, ఇలాంటి సమయాల్లో చేయమని కారు కంపెనీ వాళ్ళు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. మనిషి రావడానికి గంట పడుతుందని కూడా అంతే మర్యాదగా చెప్పింది. ఏసీ వేసుకుని కూర్చుందామని నా ఆలోచన. ఈలోగా పిన్ని దిగిపోయి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, కాలవ గట్టు మీద రాళ్ళు వెతుకుతోంది. ఇక నాకు సీట్లో కూర్చునే మొహం ఎక్కడిది? డిక్కీ తెరిచి జాకీ బయటికి తీశాను. అది కారు కింద పెట్టబోతుంటే నా వెనక నిలబడి, ఏమీ తెలియని దానిలా, "నట్లు ముందే కొంచెం లూజు చేసినావా పాపా?" అని అడిగింది. ఆ ప్రశ్న వినగానే నా చేయి ఆగిపోయింది. ఆ గొంతుతో ఆ ప్రశ్న విని ఎన్నో ఏళ్ళయింది. అప్పట్లో అది నన్ను అడిగేది కాదు, మా బాబాయిని.

నేను డిగ్రీ చదివే రోజుల్లో నెల్లూరులో పిన్ని వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. బాబాయికి ఎరువుల కొట్టు ఉండేది. మనిషి భారీ, నవ్వు అంతకంటే భారీ. ఇంటికి ఎవరొచ్చినా చేపల పులుసు తినకుండా పంపేవాడు కాదు. ఆయన ఒక పాత తెల్ల కారు కొన్నాడు. పొద్దున్నే కొట్టుకు వెళ్ళే ముందు దాన్ని తుడిచే తీరు చూస్తే, తన పిల్లలకు ఏనాడైనా అంత శ్రద్ధగా ఒళ్ళు తుడిచాడా అని అనుమానం వచ్చేది. ఆ కారులో ఆయనకు క్షుణ్ణంగా తెలిసింది హారన్ ఒక్కటే. మిగతా యంత్రం మీద అభిమానమే తప్ప అవగాహన లేదు. టైర్లు అరిగి నున్నగా అయినా, "ఇంకో ఎండాకాలం వస్తాయిలే" అనేవాడు. అందుకని ఎక్కడికి బయల్దేరినా పంచరు పడుతుందని మేం ముందే లెక్కేసుకునేవాళ్ళం. మైపాడు సముద్రానికి వెళ్ళేటప్పుడు పులిహోరతో పాటు పాత దుప్పటి ఒకటి పెట్టుకునేవాళ్ళం, దారిలో ఎక్కడో ఒకచోట చెట్టు కింద పరుచుకోవడానికి.

పిన్ని సంగతి వేరు. విడవలూరు దగ్గర మా తాతకు వరి పొలం, ట్రాక్టరు ఉండేవి. కొడుకులు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదైన మా అమ్మకు ట్రాక్టరు చప్పుడు వింటేనే భయం. చిన్నది దిగమన్నా దిగేది కాదు. చివరికి తాతే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. పరికిణీ కట్టుకునే వయసులోనే పిన్ని ట్రాక్టరుతో పొలం దమ్ము చేసేది, ధాన్యం బస్తాలేసుకుని రోడ్డు మీదికి కూడా తోలుకొచ్చేది. పంచరు పడితే ఏం చేయాలో కూడా తాతే నేర్పాడు. "బండి కింద చెయ్యి పెట్టే ముందు, బండి నీ మాట వింటదో లేదో చూసుకో అమ్మా" అనేవాడట. తాటి మొద్దుతో ఏటవాలుగా చెక్కిన రెండు దిమ్మలు ఆయన చేతివే. చక్రం దొర్లకుండా అడ్డం పెట్టేందుకు వాటిని పిన్ని అత్తగారింటికి కూడా తెచ్చుకుంది. పెళ్ళిలో తెచ్చుకున్న వెండి కంచం ఎక్కడుందో ఆమెకు తెలియదు కానీ ఆ దిమ్మలు మాత్రం ఎప్పుడూ డిక్కీలో ఉండేవి.

బాబాయికి ఇదంతా తెలుసు. పెళ్ళిచూపులనాడే ఎవరో నవ్వుతూ చెప్పారట. ఆయనా నవ్వేవాడు. ఎప్పుడైనా పిన్ని స్టీరింగు వంక ఆశగా చూస్తే, "పొలంలో ట్రాక్టరు తోలినట్టు కాదమ్మే, ఇది కారు" అనేవాడు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది. ఆమెకు ఆ కారు నడపాలని ఎంత ఉండేదో వెనక సీట్లో కూర్చున్న నాకు కనిపించేది. బాబాయి గేరు మార్చే ముందే ఆమె ఎడమ పాదం కింద లేని క్లచ్చును నొక్కేది.

ఇక పంచరు పడిందంటే అదొక నాటకం. బాబాయి చొక్కా చేతులు పైకి మడుచుకుని, దారిన పోయేవాళ్ళకు కనిపించేలా జాకీ పట్టుకుని నిలబడేవాడు. పిన్ని ముందు మమ్మల్నందరినీ దింపి కాలవ అవతలికి తోలేది. రోడ్డు వైపు నిలబడితే వీపు విమానం మోత మోగేది. తర్వాత సర్కారు తుమ్మ కొమ్మ విరిచి బాగా వెనగ్గా రోడ్డు అంచున పడేసి, దాని పక్కన వరసగా రాళ్ళు పెట్టి, వచ్చే లారీలకు ముందే తెలిసేలా చేసేది. ఆ తర్వాత కొంగు నెత్తిన వేసుకుని ఆయన పక్కన నిలబడి ప్రశ్నలు మొదలుపెట్టేది. "హ్యాండు బ్రేకు వేసినారా ఏమండీ?" "అవతలి చక్రానికి దిమ్మ పెట్టమంటారా?" "బండి లేపకముందే నట్లు కొంచెం లూజు చేస్తే సులువేమో కదా?" "నేల మెత్తగా ఉండాది, జాకీ కింద చెక్క పలక వేద్దామా?" ప్రతి ప్రశ్నకూ ఆయన జవాబు ఒకటే, "అదే కదా నేను చేస్తుండేది." అని, అప్పుడు చేసేవాడు. ఆయన చక్రం ఊడదీస్తుంటే ఆమె స్టెప్నీని చడీచప్పుడు లేకుండా కారు కిందికి దొర్లించేది. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుందని. నట్లు బిగించేటప్పుడు, ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగిస్తే ఎలా ఉంటుందో అని సందేహం వెలిబుచ్చేది. అంతా అయ్యాక ఆయన హారన్ కొడుతూ తొందరపెడుతుంటే, ఈమె వెనక్కి నడిచి రోడ్డు మీది రాళ్ళన్నీ ఒక్కొక్కటిగా మోసి పక్కన పడేసేది. చాలామంది వాటిని అక్కడే వదిలేసి పోతారు, చీకటి పడ్డాక ఏ మోటారు సైకిలు మనిషో వాటి మీద పడతాడు. ఇంటికెళ్ళాక బాబాయి ఎండలో చక్రం మార్చిన కథ వీధంతా చెప్పేవాడు. ఆమె మజ్జిగ కలిపి ఇచ్చేది. వాళ్ళ కాపురం అలా సుఖంగానే సాగింది.

తాతకు బాగా జబ్బు చేసిన సంవత్సరం, ఒకరోజు ఎండ ఎక్కే వేళకు మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసింది. "నాయన నిన్నే అడగతా ఉండాడు. వెంటనే రా" అని పిన్నితో చెప్పింది. బాబాయి కొట్టు మూసేసి వచ్చాడు. ముగ్గురం బయల్దేరాం. కొడవలూరు దగ్గర హైవే దిగి విడవలూరు వైపు కొంత దూరం వెళ్ళామో లేదో టైరు పోయింది. ఆ రోజు బాబాయికి నిజంగానే తొందర. భార్యను తండ్రి దగ్గరికి చేర్చాలని తొందర. జాకీని మెత్తటి మట్టిలోనే దించాడు. "పలక పెట్టండి" అంది పిన్ని. ప్రశ్నగా మార్చే ఓపిక ఆమెకూ లేదు. "గమ్మునుండు, టయిము పోతా ఉండాది" అన్నాడు. ఆమె గమ్మున స్టెప్నీని కారు కిందికి తోసింది. చక్రం ఊడిరాగానే జాకీ ఒరిగి, కారు ధభాలున ఆ స్టెప్నీ మీద కూలబడింది. ఆ స్టెప్నీ లేకపోతే ఆయన చేయి ఉండేది కాదు. పానా ఎగిరి కుడి మణికట్టుకు తగిలింది, అంతే. చూస్తుండగానే వాచిపోయింది.

అప్పుడు మొదటిసారి పిన్ని పని చేయడం చూశాను. ఒక్క ప్రశ్న అడగలేదు. పలక వేసి, జాకీ నిలబెట్టి, బండి లేపి, చక్రం ఎక్కించి, నట్లు బిగించి, దించి, మళ్ళీ ఒకసారి బిగించింది. బాబాయి మణికట్టు పట్టుకుని గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఆయన ముందుకొచ్చి అరచెయ్యి చాపింది. "తాళం ఇవ్వండి. నేను తోలతాను" అంది.

బాబాయి ఇవ్వలేదు. "నీకు లైసెన్సు యాడిదమ్మే? ఎవురికన్నా తగిలితే ఏం చెప్పుకునేది? తమ్ముడికి ఫోన్ చేస్తా, బండేసుకుని వచ్చేస్తాడు" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? చట్టం ఆయన పక్షానే ఉంది. కానీ కారుకు ముందు ఆ రోడ్డు తిన్నగా, ఖాళీగా పడి ఉంది. ఆమె చిన్నప్పుడు ధాన్యం బస్తాలతో తోలుకొచ్చిన రోడ్డే అది. ఆమె చాపిన చెయ్యి అలాగే కాసేపు ఉంచి, తర్వాత దించేసింది.

బాబాయి తమ్ముడు నెల్లూరు నుంచి బయల్దేరాడు. ఫోన్ చేస్తే "కోవూరు దాటినా" అన్నాడు. కాసేపాగి చేస్తే మళ్ళీ "కోవూరు దాటినా" అన్నాడు. మన వాళ్ళు సెల్‌ఫోన్ చేతికొచ్చిన రోజు నుంచీ ఎక్కడున్నా ఒక ఊరు ముందుకు జరిపి చెబుతారు. మధ్యలో ఒక ఆటో వచ్చింది, డ్రైవరుకు రెండు పక్కలా మనుషులతో. పిన్ని చెయ్యెత్తింది. "ఇప్పుడో ఇంకాసేపటికో వచ్చేస్తాడు, ఆటోలో ఇరుక్కుని పోయేదెందుకు" అన్నాడు బాబాయి. ఆమె చెయ్యి దించింది. ఆటో వెళ్ళిపోయింది. తమ్ముడు వచ్చేసరికి మా నీడలు రోడ్డు అవతలికి చేరాయి. మేం వెళ్ళేసరికి తాత ఇంటి ముందు చాలా చెప్పులున్నాయి. మా అమ్మ పిన్నిని పట్టుకుని, "ఇందాకటి దాకా వాకిలి వైపే చూస్తా ఉండె" అంది.

పిన్ని ఆ తర్వాత బాబాయిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. వంట చేసింది, మజ్జిగ కలిపింది, ఆయన చేతికి కట్టు మార్చింది. కానీ ప్రశ్నలు మానేసింది. కొన్ని నెలలకు మైపాడు వెళుతుంటే మళ్ళీ పంచరు పడింది. ఆమె పిల్లల్ని తీసుకుని కాలవ దాటి, పొలం వైపు తిరిగి నిలబడింది. బాబాయి ఒక్కడే కొమ్మ విరుచుకొచ్చాడు, రాళ్ళు పెట్టాడు. తర్వాత ఆమెకు వినిపించేలా పైకే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. "హ్యాండు బ్రేకు వేసినా. దిమ్మలు పెట్టినా. నట్లు ముందే లూజు చేసినా. పలక వేసినా, చూసినావా?" ఒక్కటీ తప్పలేదు. అన్నేళ్ళూ అన్నీ విన్నాడన్నమాట. ఒక్కో మాటకూ ఆగి, ఆమె వీపు వంక చూసేవాడు. ఆమె ఊ కొట్టలేదు. ఆఖరికి ఆ భారీ మనిషి రోడ్డు మీది రాళ్ళన్నీ గుండెకు హత్తుకుని ఆమె ముందు నుంచే మోసుకెళ్ళి కాలవ పక్కన పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఆమె వచ్చి ఎడమ పక్క సీట్లో కూర్చుంది.

అది మొదలు ఆయన తాళం ఇవ్వడం మొదలుపెట్టాడు. ఖాళీ రోడ్డు కనపడితే చాలు కారు ఆపి, "రామ్మే, కొంచెం దూరం తోలు, నేను పక్కన కూర్చుంటా" అనేవాడు. లైసెన్సు తీయిస్తానన్నాడు. కొత్త టైర్లు వేయించాడు. ఆమె ఎప్పుడూ మెత్తగానే చెప్పేది, "నాకెందుకండీ ఇప్పుడు." ఏళ్ళు గడిచాయి. ఆయనకు కిడ్నీలు పాడై ఆసుపత్రికి తిరిగే రోజుల్లో కారు ఇంటి ముందు గుడ్డ కప్పుకుని ఉండేది, వాళ్ళిద్దరూ ఆటోలో వెళ్ళేవాళ్ళు. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ మంచం మీంచి చెప్పేవాడు, "మా ఇంట్లో ఆమె నాకంటే బాగా తోలుద్ది. నేనే ఇయ్యలా." ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతూ వినేది. పోయిన ఏడాది ఆయన పోయాడు.

నేను చక్రం బిగించడం అయ్యాక పిన్ని వెనక్కి నడిచి, పెట్టిన రాళ్ళు తీయడం మొదలుపెట్టింది. నేను సాయం వెళ్ళాను. రాయి పట్టుకుని వంగినచోటే ఆగి, నా వంక చూడకుండా అంది. "మీ తాత నన్ను క్షమించేసే ఉంటాడు పాపా. ఆయనకు బండి సంగతి తెలుసు. మీ బాబాయి అన్నిసార్లు ఇచ్చినాడే తాళం, ఒక్కసారి తీసుకొని ఉంటే ఏం పోయింది నాకు? ఈ మలుపు దాకా తోలి ఉన్నా ఆ మనిషి మనసు నెమ్మదించి పోయుండేవాడు."

నా చేతిలోని రాయి పక్కన పడేశాను. తాళం ఆమె వైపు చాపాను. ఆమె దాన్ని తీసుకుని, బరువు చూస్తున్నట్టు అరచేతిలో పెట్టుకుని, మళ్ళీ నా చేతికే ఇచ్చేసింది. "కళ్ళు ఆనడం లేదు, నువ్వే తోలు" అని వెళ్ళి మునక్కాయల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను బండి స్టార్టు చేసి గేరు వేయబోతుంటే, ఆమె ఎడమ పాదం కింద లేని క్లచ్చును నొక్కింది. అన్నేళ్ళు ఒకే కారులో పక్కపక్కనే కూర్చుని తిరిగినా, ఆమె చెయ్యి చాపిన పూటా, ఆయన తాళం చాపిన పూటా ఒక్కసారైనా కలవకుండానే వాళ్ళ కాలం అయిపోయింది.