మూసుకోని నీలం తలుపు

నిన్న రంగు వేసిన మా పడకగది తలుపు ఇవాళ మూసుకోవడం లేదు. ఆ రంగు వాసనకి గద్వాలలో మా చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది. అక్కడ లోపల తలుపున్న గది ఒక్కటే. మీ ఇళ్లలోనూ అంతే కదా?

అప్పుడు నాకు పదమూడేళ్లు. నాయిన ఆ తలుపుకి నీలం రంగు వేశాక అది దర్వాజ చట్రానికి ఒరుసుకుని బెత్తెడు తెరిచే ఉండేది. ముందుగదిలో నాయిన నేసే మగ్గం దగ్గరికి రోజంతా మగవాళ్లు వచ్చిపోయేవారు. నేను తలుపుకి కాలు అడ్డం పెట్టి బట్టలు మార్చుకునేదాన్ని. వారం ఓర్చుకున్నాను. చివరికి గాజుపెంకుతో అంచు గీకుతుంటే నాయిన చూశాడు.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"తలుపు పడ్తలేదు నాయినా."

"నాకు చెప్పొద్దా?"

నేను ముందుగదిలో ఉన్న మగవాళ్ల వైపు చూసి తల దించుకున్నాను. ఆయన మగ్గం ఆపి, తలుపు ఊడదీసి, అంచు చిత్రిక పట్టాడు. బజారుకి వెళ్లి గడియ తెచ్చి లోపలివైపు బిగించాడు.

"ఇగ నువ్వు తీస్తెనే తెరుసుకుంటది" అన్నాడు.

నేను లోపలికి వెళ్లి గడియ పెట్టుకుని, చాలాసేపు ఊరికే కూర్చున్నాను.