పూనకం కాదని తేల్చుకోవడానికి నాగపూర్ ప్రయాణం

భిలాయి నుంచి నాగపూర్ వెళ్ళి తలకు పరీక్షలు చేయించుకోవలసిన అవసరం ఎవరికీ రాకూడదనే నా ప్రార్థన. ఒకవేళ వస్తే మాత్రం తలకు నూనె రాసుకుని వెళ్ళకండి.

నేను భిలాయి ఉక్కు ప్లాంటులో క్రేను నడుపుతాను. రైలుపట్టాలు చేసే మిల్లులో, అరవై అడుగుల ఎత్తున చిన్న గదిలో కూర్చుని, ఎర్రగా కాలిన పట్టాలను ఎత్తి దించడం నా పని. డ్యూటీ లేనప్పుడు మా సెక్టారు భజన మండలిలో తాళం వేస్తాను. ఆ శ్రావణంలో మండలి మూడు రోజుల అఖండ భజన పెట్టింది. నైట్ షిఫ్టు దిగి నేరుగా వెళ్ళి కూర్చున్నాను. ఉపవాసం, నిద్ర లేదు, మనసు మాత్రం తేలిపోతోంది. రెండో రోజు పొద్దున్న పదింటికి నా తాళం తప్పింది. ఆ తరువాతిదంతా నాకు ఇతరులు చెప్పిన కథ.

నేను వెనక్కి పడిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ కళ్ళు తేలవేశాను. మండలివాళ్ళు అమ్మవారు పూనిందనుకున్నారు. హారతి వెలిగించి మెడలో దండ వేశారు. మా మండలి పెద్ద నారాయణరావు మాష్టారు చేతులు జోడించి, "తల్లీ, మా కుర్రోడికి ప్లాంటులో పర్మనెంటు ఎప్పుడవుద్ది?" అని అడిగారు. నేను గురక పెట్టాను. "దీపావళికి అంటంది" అని ఆయనే అర్థం చెప్పుకున్నారు.

కళ్ళు తెరిచేసరికి మెడలో దండ, నుదుట కుంకుమ, చుట్టూ జనం. చచ్చిపోయాననుకున్నాను. మా ఆవిడ సత్యవతి ఒక్కతే ఆ పూనకాన్ని నమ్మలేదు.

"అమ్మవారొస్తే నాలిక కొరుక్కుంటారేటి? పంచె తడుపుకుంటారేటి? ఇది ఫిట్సు" అంది.

ఆ మాట నాకు రుచించలేదు. అమ్మవారు పూనిందని ఎవరినీ క్రేను మీంచి దించరు. ఫిట్సు అంటే ఆ పూటే దించేస్తారు. అందుకని సెలవు చీటీలో 'దైవకార్యం' అని రాసి ఊరుకున్నాను. వచ్చినవాళ్ళు నా కాళ్ళకు మొక్కబోతే కాళ్ళు వెనక్కి లాక్కున్నానే గాని, కాదని చెప్పలేదు. చిన్నప్పటి నుంచి పురాణం విన్నవాణ్ణి, అమ్మ పేరు మీద అబద్ధం ఎంత పాపమో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"నాగపూర్లో పెద్ద డాక్టరుకి చూపిద్దాం. అమ్మవారైతే దండం పెడతాడు. కాపోతే మందిస్తాడు" అంది సత్యవతి.

మంగళవారం పొద్దున్న ఆరింటికి బయలుదేరాం. గుమ్మంలో మాష్టారు ఎదురొచ్చి, ప్రయాణం క్షేమంగా సాగాలని, అఖండ దీపంలోని నూనె దోసిలినిండా పోసి నా మాడు మీద మర్దించారు. దుర్గ్ స్టేషనులో మా బావమరిది అప్పలరాజు కలిశాడు. వాడికి భిలాయిలోనే పవర్ హౌస్ అనే బజారులో ఇనప సామాన్ల దుకాణం ఉంది. మూరెడు స్పానరొకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"చేతిలో ఇనుముంటే ఫిట్సు దగ్గరికి రాదు బావా."

"ప్లాంటంతా ఇనుమే గదరా. మరి నాకెందుకొచ్చింది?"

"భజనలో వచ్చింది గదా. అక్కడంతా ఇత్తడే."

ఏడూ పదికి రైలు కదిలింది. నా ఎదుటి సీటులో ఒక బట్టల వ్యాపారి కూర్చున్నాడు. స్పానరు పట్టుకుని కూర్చున్న నన్ను చాలాసేపు చూసి, "భయ్యా, జరా పంఖా ఠీక్ కర్ దో" అన్నాడు. నన్ను రైల్వే మెకానిక్కనుకుని ఫ్యాను బాగుచెయ్యమంటున్నాడు. నేను నోరు తెరిచేలోగా అప్పలరాజు స్పానరు లాక్కుని ఫ్యానును రెండు దెబ్బలు కొట్టాడు. అది తిరిగింది. నాగపూర్ చేరేదాకా పక్క పెట్టెలవాళ్ళు కూడా వచ్చి పిలుస్తూనే ఉన్నారు.

గోందియాలో వడలు తిన్నాం. పన్నెండింటికి నాగపూర్‌లో దిగి, స్టేషను వెనక ధర్మశాలలో గది తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, వంట చేసుకోనిస్తారు, వెల్లుల్లి మాత్రం కూడదు. సాయంత్రం లేడీ డాక్టరుగారు చూసి, మర్నాటికి రెండు పరీక్షలు రాశారు.

ఆ పరీక్షల దగ్గరే నూనె సంగతి బయటపడింది. తలకు వైర్లు అంటించే అతను నా మాడు మీద వేలు పెట్టి, జారిన వేలిని వెలుగులో చూసుకుని, "యే సర్ హై యా పకోడేకీ కఢాయీ?" అన్నాడు, ఇది తలా, పకోడీల మూకుడా అని. ఆవరణలో కుళాయి కింద కూర్చోబెట్టి సత్యవతి బట్టల సబ్బుతో మూడుసార్లు రుద్దింది. నాలుగోసారికి గాని వైర్లు అంటుకోలేదు.

పదకొండింటికి డాక్టరుగారు కాగితాలన్నీ చూసి, అంతా బాగానే ఉందన్నారు.

"మరి ఎందుకొచ్చిందమ్మా?" అన్నాను.

"మాలూమ్ నహీ" అన్నారు.

ఏం జరిగినా, ఏ జన్మలోదో ఒక కారణం చెప్పే మండలిలో పెరిగాను. ఇంత చదువుకున్న మనిషి తెలియదనడం నాకు కొత్త. మళ్ళీ రావచ్చు, ఎప్పటికీ రాకపోవచ్చు, ఇప్పటికి మాత్రలు వద్దు అన్నారు. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఇనుముతో పనిలేదు. అప్పలరాజు స్పానరు సంచీలో దాచాడు.

"రెండు రాత్రులు నిద్దర్లేదమ్మా, దేవుడి కోసమని" అంది సత్యవతి తన హిందీలో.

"నిద్ర లేకపోతే కొందరికి ఇలా వస్తుంది. దేవుడు మధ్యాహ్నం తలుపులు వేసుకుని పడుకుంటాడు కదా, మీరెందుకు పడుకోరు?" అన్నారామె.

రోజూ స్వామికి జోలపాడి పడుకోబెట్టేది మేమే. పడుకోబెట్టి, పక్కనే మైకు పెట్టి భజన చేసేదీ మేమే.

చివరికి ఉద్యోగం అడిగారు. చెప్పాను. ఆమె కలం ఆగింది. "కనీసం ఏడాది, నేల మీదే" అని చీటీ రాసిచ్చారు.

స్టేషనుకు నడుస్తుంటే అప్పలరాజు నా చెవిలో, "చించీ బావా. అమ్మవారే అనీద్దాం. ఎవుడడుగుతాడు?" అన్నాడు. చీటీ జేబులో ఉంది.

రెండూ ఇరవైకి తిరుగు రైలు. నాకు పై బెర్తు వచ్చింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎక్కడానికి కాలు పెట్టగానే సత్యవతి నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది. కింది బెర్తు మీద ఒక భారీ మనిషి కూర్చుని ఉన్నాడు. భిలాయి పక్కన చరోదాలో ఉండే రిటైర్డు రైల్వే గార్డు, మన శ్రీకాకుళం వైపువాడు.

"ఏటి బావూ, ఆవిడెందుకు లాగతంది?" అన్నాడు.

"మా బావకి అమ్మవారు..." అని అప్పలరాజు అందుకున్నాడు.

"మూర్ఛ వచ్చిందండి" అన్నాను. "క్రేను ఆపరేటర్ని. ఏడాదిదాకా ఎత్తుకెక్కకూడదన్నారు."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

గార్డుగారు ఏమాత్రం కంగారు పడలేదు. "మా యార్డులో ఓ డ్రైవరుకి చూపు తగ్గితే ఇంజను మీంచి దింపీసినారు. రెండ్రోజులు ఏడిసినాడు. ఆ తరవాత పదేళ్ళు ఇంట్లో వేడన్నం తిన్నాడు. నువ్విక్కడ తొంగో, నేను పైకెక్కుతాను" అన్నాడు. అప్పలరాజు కింది నుంచి భుజం ఆనించి తోస్తే మూడో ప్రయత్నానికి ఎక్కాడు.

డొంగర్‌గఢ్ కొండ మీది అమ్మవారికి పెట్టెలోవాళ్ళంతా లేచి దండం పెట్టుకున్నారట. సత్యవతి నన్ను లేపలేదు. అమ్మ ముందు నుంచి నిద్రపోతూ వెళ్ళడం నా జన్మలో అదే మొదలు. ఆ తల్లికి కోపం వచ్చి ఉండదనే నా నమ్మకం. తెలియదని చెప్పగల డాక్టరునూ, పడినా తల పగలని కింది బెర్తునూ ఇప్పించింది మరెవరు?

దుర్గ్ దగ్గరపడుతుండగా మెలకువ వచ్చింది. "చీటీ రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను. మాష్టారికీ నేనే చెబుతాను" అన్నాను సత్యవతితో.

"ముందు నన్ను దించండర్రా!" అని పై నుంచి కేక. గార్డుగారు ఎక్కడమైతే ఎక్కాడు గాని, ఒక కాలు గాలిలో పెట్టి, రెండోది ఎక్కడ పెట్టాలో తెలియక వేలాడుతున్నాడు. అప్పలరాజును పక్కకు జరగమన్నాను. పద్నాలుగేళ్ళుగా బరువులు దించినవాణ్ణి. ఎడమ కాలు ఇక్కడ, చెయ్యి నా భుజం మీద, నిదానం అంటూ నడుం పట్టుకున్నాను.

కుదుపు లేకుండా నేల మీదికి దించాను.