ఆమె గీసిన కాగడా

అమలాపురంలో మేమిద్దరం ఒకే బడిలో డ్రాయింగ్ టీచర్లం. తను నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, నన్ను అక్కగారూ అని పిలిచేది. విదేశంలో జరిగే క్రీడలకు కాగడా నమూనాలు పంపమని ప్రకటన వస్తే ఇద్దరం పంపాం.

నా కాగడాలో లేనిదేమిటి? అడుగున తామర, నడుమ భూగోళం, పైన రెక్కలు విప్పిన పావురం. రెండు నెలలు రంగులు దిద్దాను. తనది సన్నటి లోహపు గొట్టం, చుట్టూ జానెడు ఎడంతో కట్లలాంటి ఉబ్బులు. అంతే.

"ఇదేంటమ్మా, బోసిగా ఉంది?" అన్నాను.

"మా నాన్నగారు అంబాజీపేటలో కొబ్బరి దింపేవోరండి. చీకటిపడ్డాక ఎండాకులు జానెడుకో కట్టు వేసి కట్టగా కట్టి, వెలిగించుకుని ఇంటికొచ్చేవోరు. మంట ఒక కట్టు దాకా వస్తే ఆ కట్టు విప్పేవోరు. ఒక్కో కట్టూ ఒక్కో చెయ్యి అనుకున్నానండి, ఒకరి నుంచి ఇంకొకరికి."

తనదే ఎంపికైంది. స్టాఫ్ రూములో అందరూ స్వీట్లు తింటుంటే హెడ్‌మాస్టరుగారు నా వైపు తిరిగి, "మీరూ పంపేరు కదండీ?" అన్నారు.

"ఆ కట్ల ఆలోచన నేనే చెప్పానండి" అనేశాను.

రెండు రోజుల్లో ఆ మాట ఊరంతా పాకింది. సన్మాన సభలో ఎవరో అది నిజమేనా అని మైకులోనే తనని అడిగారు. నేను ముందు వరుసలోనే కూర్చున్నాను. తను నా వైపు చూసి, "ఆయ్, అక్కగారి దగ్గర చాలా నేర్చుకున్నానండి" అంది. చప్పట్లు కొట్టారు. అందరి ముందూ నన్ను కడిగేసి ఉంటే తనని హాయిగా ద్వేషించుకునేదాన్ని.

సభ అయ్యాక, క్రీడలవాళ్లు చేయించి పంపిన నమూనా కాగడా తెచ్చి నా చేతిలో పెట్టింది. "రెండో కట్టు దగ్గర పట్టుకోండి, బరువు తెలీదు." నిజంగానే తెలియలేదు. ఎక్కడైనా లోపం దొరుకుతుందేమోనని కొస నుంచి కొస దాకా వెతికాను. దొరకలేదు.

"నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసండి" అంది, కాగడా గుడ్డలో చుట్టుకుంటూ.

మర్నాడు హెడ్‌మాస్టరుగారితో నిజం చెప్పాను. "మీకు మరీ మొహమాటమండీ" అని నవ్వేశారు. ఎవరూ నమ్మలేదు. ఆ కాగడాలో సగం నాదేనని ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటారు.

క్రీడలు మొదలైన రోజు టీవీ ముందు కూర్చున్నాను. ఎవరో క్రీడాకారిణి దాన్ని ఎత్తి పట్టుకుని సముద్రపు ఒడ్డున పరుగెడుతోంది. జుట్టు చెదిరేంత గాలి. ఆరిపోతే బాగుండునని చూస్తూ ఉన్నాను. ఆరలేదు.