ఎదురమ్మ వాదించిన కేసు

మీ పక్కింటాయన గోడ కట్టుకుంటూ మీ స్థలంలోకి అరడుగు జరిగాడనుకోండి. ఒళ్లు మండి, ఆ చెప్పుల దుకాణం పక్క మెట్లెక్కి పైనున్న లాయర్ల ఆఫీసుకి వెళ్లినా లాభం లేదు. మర్యాదగా కూర్చోబెడతారు, మంచినీళ్లిస్తారు, ఇంకో లాయరు చిరునామా చెప్పి పంపించేస్తారు. వాళ్లు మన బోటి వాళ్ల కేసులు పట్టరు. నీళ్ల బోర్డు, బడుల శాఖ, బస్సుల సంస్థ, మంటలార్పే శాఖ, ఇలా జనం సొమ్ముతో నడిచేవాటికి తప్ప ఇంకెవరికీ వకాల్తా పుచ్చుకోరు.

ఈ కథ జరిగిన ఏడాది వాళ్ల పని మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతోంది. బడి ఆటస్థలంలో దుకాణాలు కడదామని చూసిన ఆసామి కేసు వదులుకుని, పిల్లల ముందు తలొంచుకుని వెళ్లిపోయాడు. నీళ్ల బోర్డుకి తుప్పు గొట్టాలు అంటగట్టిన కంట్రాక్టరు చేత, వాటిని తవ్వించి కొత్తవి వేయించారు. మంటలార్పేవాళ్ల పింఛన్లు ఏళ్ల తరబడి ఏదో నిబంధన దగ్గర చిక్కుకుపోతే, ఆ ముడి విప్పించారు. కోర్టులో ఈ మూడూ వాదించినవాడు గంట లాయరు. గొంతు గంటలా మోగుతుంది కాబట్టి ఆ పేరు. పత్రికల్లో ఫొటో కూడా ఆయనదే పడింది.

కానీ వంట ఒకరిది, వడ్డన ఇంకొకరిది. ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. ఏ కేసైనా కోర్టుకి వెళ్లేముందు ఆఫీసులోనే ఒకసారి నడవాలి. పొడుగు బల్లకి ఇటువైపు మన లాయరు కూర్చుంటాడు. అటువైపు కుర్చీలో ఆఫీసు మనిషే ఇంకొకరు, అవతలి పక్షంగా కూర్చోవాలి. మొహమాటం పనికిరాదు, నిజంగా ఓడించడానికే చూడాలి. అటు కుర్చీ గెలిచిందా, ఆ కేసు ఇక కోర్టు గుమ్మం తొక్కదు. సంస్థవాళ్లని పిలిచి రాజీ పడమని చెప్పేస్తారు. ఆఫీసు పెట్టిన పెద్దాయన ఈ పద్ధతి పెట్టాడు, దాన్ని ఎవరికోసమూ సడలించలేదు.

ఆ అటు కుర్చీ ఏళ్లుగా ఒకావిడదే. అందుకే అందరూ ఆవిణ్ణి ఎదురమ్మ అంటారు. పొట్టి మనిషి, కళ్లజోడు ఎప్పుడూ ముక్కు చివరే ఉంటుంది, మాట మాత్రం సూదిమొన. కంట్రాక్టరుగా కూర్చుంటే అచ్చం కంట్రాక్టరే, ఆ దబాయింపూ ఆ దొంగ దగ్గూ అన్నీ వచ్చేస్తాయి. ఆటస్థలం ఆసామిగా కూర్చున్న రోజున గంట లాయరుకి ముచ్చెమటలు పోయించింది. ఆయన కోర్టులో అంత ధీమాగా నిలబడ్డాడంటే, అక్కడ వినబోయేదంతా ఎదురమ్మ నోట ముందే విని, తిట్లు తిని ఉన్నాడు గనక.

మరి ఆవిడెందుకు వాదించదూ అంటే, అదే ఆవిడ కడుపులో మంట. కొత్తలో రెండు చిన్న కేసులు వాదించింది. ఆ తర్వాత ఎప్పుడడిగినా పెద్దాయన ఒకటే మాట, నువ్విటొస్తే అటెవరు కూర్చుంటారమ్మా అని. పనిమంతురాలికి పనే శిక్షంటే ఇదే. ఇంట్లో అత్తగారు ఊరుకుంటుందా? రోజూ ఆ నల్లకోటు ఇస్త్రీ చేయడం దేనికే, తలుపు వెనక తగిలించడానికా అని దెప్పుతూ ఉంటుంది. అత్తగారిది దెప్పుడే గానీ కచ్చ కాదు. కోడలు కోర్టులో గడగడా వాదిస్తుంటే ముందు వరుసలో కూర్చుని చూడాలని ఆ ముసలావిడ కోరిక. కోడలి కోరికా అదే.

అలా ఉండగా, గంట లాయరు కూతురి బడి ఆటల పోటీలకి వెళ్లి, అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. డాక్టరు నెల్లాళ్లు గట్టిగా మాట్లాడొద్దన్నాడు. సరిగ్గా అప్పుడే బస్సుల సంస్థ కేసు వాయిదాకి వచ్చింది. పెద్దాయన అటూ ఇటూ చూసి, చివరికి ఈసారి ఇటు కుర్చీలో నువ్వే కూర్చో అన్నాడు. ఎదురమ్మ ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లలేదు, గాల్లో తేలుతూ వెళ్లింది. అత్తగారు అప్పటికప్పుడే పెట్టె తెరిచి, కోర్టుకి ఏ చీర కట్టుకోవాలో చూసుకుంది.

కేసు చిన్నదే. బస్సుల డిపోకి కొత్త గేటు పెట్టాలి. ఆ గేటు రావలసిన మూల మీద ఒక తాళాల కొట్టుంది. ఒకావిడ అందులో కూర్చుని తాళంచెవులకి నకళ్లు చేస్తుంది, పట్టేసిన తాళాలు విప్పుతుంది. స్థలం సంస్థది. ఖాళీ చేయమంటే ఆవిడ కోర్టుకెక్కింది. బస్టాండు వెడల్పు చేసినప్పుడు అప్పటి డిపో అధికారే తనని తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడని ఆవిడ వాదన. ఆ అధికారి చనిపోయాడు, కాగితం లేదు, సాక్ష్యం లేదు. ఆవిడ లాయరు కాళ్లావేళ్లా పడటం తప్ప ఏమీ చేయడం లేదు. ఇక సంస్థేమో, ఆ కొట్టు ఈమధ్యే గుట్టుచప్పుడు కాకుండా వెలిసిందనీ, అదొకటి ఉన్నట్టే తమకి తెలియదనీ, తెలిసిన వెంటనే పొమ్మన్నామనీ అంటోంది. తెలిసి ఏళ్ల తరబడి ఊరుకున్నారని తేలితే ఉన్నపళంగా పొమ్మనడానికి వీల్లేదు. తెలియదంటే మాత్రం కేసు సంస్థదే. కొత్తగా వచ్చిన అధికారి కూడా తెలియదనే నమ్మాడు పాపం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని, ఆదివారం ఎదురమ్మ ముందుగదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసింది. గంట లాయరు గుసగుసలతో సాధన ఏం సాగుతుంది? అందుకని రెండు పక్షాలూ తనే. ఇటు కూర్చుని వాదిస్తుంది, లేచి అటు కూర్చుని జవాబిస్తుంది. కిటికీ దగ్గర అత్తగారు బఠానీలు ఒలుస్తోంది. లెక్కల మాస్టారైన మొగుడు పిల్లల పరీక్ష పేపర్లు ముందేసుకుని, పెళ్లాం అటూ ఇటూ తిరుగుతుంటే చూస్తున్నాడు. ఒక్కమనిషి ఇల్లంతా నిండిపోయింది.

ఇటు కుర్చీలో కూర్చుని ఎదురమ్మ గొంతు పెంచింది. అయ్యా, అక్కడొక కొట్టుందని మా సంస్థకి ఏనాడూ తెలియదు, అంది.

అత్తగారు తలెత్తకుండానే అడిగింది. "ఏ కొట్టు గురించే ఇదంతా?"

"అదే అత్తయ్యా, తాళాల కొట్టు స్టాపులో దిగితే ఎదురుగా ఉంటుందే, ఆ తాళాల కొట్టు."

అన్నాక గానీ తన మాట తన చెవిన పడలేదు. తాళాల కొట్టు స్టాపు. బస్సుల సంస్థ తన సొంత రంగుతో, తన సొంత స్తంభం మీద, ఇంతింత అక్షరాలతో రాయించుకున్న పేరది. ఆ రంగు వెలిసిపోతే రెండుసార్లు మళ్లీ వేయించారు కూడా. కండక్టర్లు రోజూ గొంతు చించుకుని పిలిచే పేరు. ఊరంతా ఆ పేరు మీదే ఎక్కుతుంది, దిగుతుంది. ఆఫీసులో ఎవరికీ తట్టలేదు, తాళాలావిడ లాయరుకీ తట్టలేదు. రోజూ నోట్లో నలిగే మాట చెవికెక్కడ ఆనుతుంది? మాస్టారు పేపర్లు పక్కన పెట్టి పొట్టచెక్కలయ్యేలా నవ్వాడు. అత్తగారికి విషయం అర్థం కాక, నేనేం అన్నానురా అంది. ఎదురమ్మ మాత్రం కుర్చీలు రెండూ గోడ వారకి జరిపేసింది.

చెప్తే కేసు రాజీకి పోతుంది. కోర్టు లేదు, వాదన లేదు, నల్లకోటు మళ్లీ తలుపు వెనక్కే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తను గెలుస్తుంది, తాళాలావిడ కొట్టు పోతుంది. రెండు రోజులు ఎదురమ్మ తేలు కుట్టిన దొంగలా తిరిగింది. పోనీ మర్చిపోదామంటే ఆఫీసుకి వెళ్లే బస్సు ఆ దారినే పోతుంది. తాళాల కొట్టు, తాళాల కొట్టువాళ్లు దిగండీ అని కండక్టరు ఆవిడ నెత్తి మీదే నిలబడి అరిచాడు. అంత గట్టిగా అరవాలా, మాకు చెవులున్నాయి అని ఆవిడ కసురుకుంది. పాపం, అతను రోజూ అరిచినట్టే అరిచాడు. కిటికీలోంచి చూస్తే తాళాలావిడ ఆకురాయితో తాళంచెవి గీస్తూ, పక్కనున్న ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఎదురమ్మ మొహం తిప్పేసుకుంది.

ఆఫీసులో సాధన రోజు రానే వచ్చింది. అటు కుర్చీలో గంట లాయరు, మెడకి మఫ్లరుతో. ఆయన గుసగుసలాడుతుంటే వినడానికి అందరూ బల్ల మీదికి వంగాల్సి వచ్చింది. పైగా ఆ మనిషికి గెలవడమే తప్ప ఓడించడం చేతకాదు. ఎదురమ్మ అడిగిన ప్రతిదానికీ, అవును, అదీ నిజమేలే అనేస్తున్నాడు. చూస్తుండగానే అయిపోయింది. పెద్దాయన సంతోషంగా బల్ల చరిచి, ఇక కోర్టుకి వెళ్లిరా తల్లీ అన్నాడు.

ఏళ్ల తరబడి వినాలనుకున్న మాట అది. విన్నది. లేచింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది. తర్వాత బల్ల చుట్టూ తిరిగి అటువైపుకొచ్చి, గంట లాయరు భుజం తట్టి లేవమంది. ఆ కుర్చీలో కూర్చుంది.

"అయ్యా, నా కొట్టున్నట్టే మీకు తెలియదంటున్నారు. మరి మీ స్టాపు బోర్డు మీద ఎవరి కొట్టు పేరు రాయించారు?"

ముందు గంట లాయరు నవ్వాడు, గొంతు లేదు కాబట్టి భుజాలు మాత్రం ఊగాయి. తర్వాత అందరూ. పెద్దాయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, నేను పాతికేళ్లుగా ఆ స్టాపులోనే దిగుతున్నానే అన్నాడు. ఎదురమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే బాధపడింది. చేతికొచ్చింది నోటికి అందకుండా పోయిందని అందరికన్నా బాగా తెలిసింది ఆవిడకే.

డిపో అధికారిని పిలిపించి చెప్పారు. ఆయన కాసేపు బుర్ర గోక్కుని, పోనీ రాత్రికి రాత్రి బోర్డు పేరు మార్చేస్తే అన్నాడు. ఎదురమ్మ ఒక చూపు చూసింది, ఆ ఊసు అంతటితో ఆగిపోయింది. మనిషి చెడ్డవాడు కాడు, కంగారు మనిషి. నక్షా బల్ల మీద పరిచి కూర్చుంటే దారి దొరికింది. గేటు నాలుగడుగులు అటు జరిపితే సరిపోతుంది. కొట్టు డిపో గోడలోనే ఒక గదిగా, వీధి వైపు మొహంతో ఉండిపోతుంది, ఈసారి రాతపూర్వకంగా. అధికారి ఒప్పుకున్నాడు. తాళాలావిడ లాయరు ఎగిరి గంతేసి మరీ ఒప్పుకున్నాడు.

వాయిదా రోజు ఎదురమ్మ నల్లకోటు వేసుకుంది. రాజీ అయినా కోర్టులో చెప్పాలి కదా. కోడలు ఎంత వద్దన్నా వినకుండా అత్తగారు కూడా బయల్దేరింది, ముందు వరుసలో కూర్చుంది. కేసు పిలిచారు. ఎదురమ్మ లేచి నిలబడి, ఇరు పక్షాలూ రాజీకొచ్చాయండీ, ఇవీ షరతులు అంది. జడ్జి తాళాలావిణ్ణి సమ్మతమేనా అని అడిగాడు, ఆవిడ తలూపింది. అంతే. కొండంత రాగం తీసి కూనిరాగంతో సరిపెట్టినట్టయింది.

వరండాలోకి రాగానే అత్తగారు ఆగిపోయింది. ఇంతేనా, దీనికేనా ఆదివారం పూటా ఒక కుర్చీలోంచి ఇంకో కుర్చీలోకి గెంతుతూ ఇంటిల్లిపాదినీ చూడమన్నావు అంది. కోడలికి కళ్లజోడు వెనక నీళ్లు తిరిగాయి.

"ఎంత బాగా తయారయ్యానో అత్తయ్యా. అంతా లోపలే ఉండిపోయింది."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. అక్కడున్న బల్ల మీద నిటారుగా కూర్చుని, కొంగు సర్దుకుని, ఇప్పుడు చెప్పు, నేను వింటాను అంది. ఎదురమ్మ సిగ్గుపడింది. కానీ అత్తగారు కదిలే రకం కాదు. సరేనని మొదలుపెట్టింది, ముందు మెల్లగా. అయిదు నిమిషాల్లో చేతులు లేచాయి, గొంతు లేచింది. స్థలం ఎవరిదో, గేటు ఊరికెందుకు అవసరమో, పొద్దున్నే బస్సుల కోసం నిలబడే నర్సులూ కూలివాళ్లూ పిల్లలూ ఎంతమందో, ఒక్క కొట్టు కోసం వాళ్లందరూ ఎందుకు ఆగాలో, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయింది. దారిన పోయే గుమాస్తాలు నిలబడిపోయారు. ఇంకో కేసు కోసం వచ్చినవాళ్లు దగ్గరికి జరిగారు.

మధ్యలో ఎప్పుడొచ్చిందో, తాళాలావిడ కూడా వచ్చి అత్తగారి పక్కన బల్ల చివర కూర్చుంది. మొత్తం వింది. ఎదురమ్మ ముగించి ఊపిరి పీల్చుకునేసరికి ఆవిడ చెయ్యి గుండె మీద ఉంది.

"అమ్మో, ఇదంతా లోపల చెప్పుంటే నా కొట్టు నేనే ఖాళీ చేసిచ్చేసేదాన్ని."

అత్తగారు ఆవిడ వైపు తిరిగి, అలాగా, ఆ మాట ఇంకోసారి చెప్పు అంది.