పక్కింటి ఫ్రాన్సు మందు

మా అమ్మకి ఉబ్బసం. దాని మందు పక్కింట్లో ఉండేది.

ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన మా ఊళ్ళో, సారం అనే పేటలో, మా రెండిళ్ళకీ నడుమ ఒకటే గోడ. ఆ ఇంటాయన ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవాడు. అలాంటివాళ్ళని మా ఊళ్ళో సొల్దా అంటారు. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయాక, ఇష్టమున్నవాళ్ళు ఆ దేశస్థులుగానే ఉండిపోవచ్చని గడువిచ్చారు. ఆయన సంతకం పెట్టాడు. పెడితే ఓడెక్కించి యుద్ధానికి తోలేస్తారని భయపడి, మిల్లు కార్మికుడైన మా నాన్న పెట్టలేదు. మా వీధిలో చాలామందిది అదే భయం. ఏ ఓడా రాలేదు. సంతకం పెట్టినవాళ్ళకి మందులు వచ్చాయి.

నోట్లో పెట్టుకుని నొక్కితే ఊపిరి తెరుచుకునే చిన్న గొట్టం అది. డెబ్బైల మొదట్లో మా బజారులో దొరికేది కాదు. ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలతో అమ్మకి గుండెదడ తప్ప ఏమీ ఒరగలేదు. సొల్దా భార్యకీ ఉబ్బసమే. ఆమె గొట్టం ఇచ్చేది గాని, మా ఇంటికి పంపేది కాదు. వాళ్ళ వీధి తిన్నె మీద కూర్చుని, అందరూ చూస్తుండగా పీల్చుకోవాలి.

"ఏం వదినా, మీ సర్కారు మాత్రలు ఏమాయె?" అని నవ్వేది. "అన్న ఆపొద్దు ఒక్క సంతకం పెట్టుంటే నువ్వు యాడికీ రాపనిలేదు గదా!"

అమ్మ గొట్టం కోసం చెయ్యి చాచేది. జవాబు చెప్పడానికి ఊపిరుంటేగా.

ఒక జూలైలో, ఫ్రాన్సు జాతీయ దినం నాడు, వాళ్ళింటికి అక్కడి బంధువులు వచ్చారు. అమ్మ ఆయాసపడుతూ తిన్నె మీద కూలబడింది. పక్కింటామె గొట్టం తన గుప్పిట్లోనే ఉంచుకుని, అమ్మ చేతిలో ఫ్రాన్సువాళ్ళ మూడు రంగుల చిన్న జెండా పెట్టింది.

"కాసేపు పట్టుకో వదినా, ఫోటో తీస్తారంట. మందిచ్చే దేశానికి ఒక దండం పెడితే ఏంది తప్పు?"

అమ్మ దండం పెట్టింది. ఫోటో అయ్యాకే గొట్టం అందింది. దేశాలు తుపాకులతో ఏలుతాయని బడిలో చెప్పారు. ఎప్పుడో వెళ్ళిపోయిన దేశం మా అమ్మ చేత దండం పెట్టించుకోవడానికి ఒక్క గొట్టం చాలింది.

మళ్ళీ అమ్మ ఆ తిన్నె ఎక్కలేదు. "చచ్చినా పోను, నన్ను అడగబాకండి" అంది. నాన్న ఎంత బతిమాలినా వినలేదు. ఆ వానాకాలంలోనే, గోడకి ఇవతల పోయింది.

సొల్దా పూలదండ తెచ్చాడు, మూడు రంగుల రిబ్బను కట్టి. నేను రిబ్బను విప్పి వాళ్ళ తిన్నె మీద పెట్టి వచ్చాను.

ఎనభైలు ముగిసేసరికి ఆ గొట్టం మా వీధి షాపులోకే వచ్చింది. ఫోటో మాత్రం వాళ్ళ ముందుగదిలోనే వేలాడుతోంది. ఎన్నిసార్లు అడిగినా ఆమెది ఒకటే మాట: "ఫ్రాన్సులో కడిగించింది, యాడన్నా ఇస్తారా?"

మా అమ్మకి ఉన్న ఫోటో అదొక్కటే.