జడ కోలాటంలో డిస్కో ముడి

నన్ను చీరలతో గుంజకు కట్టేసిన క్రిస్మస్ ఒకటుంది. కంగారు పడకండి, దొంగతనం చేసి దొరకలేదు. అసలు నన్ను ఎవరూ కట్టలేదు. నన్ను నేనే కట్టుకున్నాను, అదీ ఊరంతా చూస్తుండగా, డాన్సు చేస్తూ!

ఎనభైల్లో మాట. నరసరావుపేట కాలేజీలో నేను చదివింది తక్కువ, హాస్టల్ వరండాలో టేప్ రికార్డర్ పెట్టుకుని డిస్కో నేర్చుకున్నది ఎక్కువ. రొంపిచెర్ల పక్కన మా ఊళ్ళో మాత్రం క్రిస్మస్‌కి చర్చి ముందు జడ కోలాటమే. ఎత్తయిన గుంజ పైనుంచి చీరలు వేలాడదీస్తారు. ఒక చేత్తో చీర కొస, ఇంకో చేత్తో కోలు పట్టుకుని, ఒకరి పక్కనుంచి ఒకరు దూరిపోతూ తిరిగితే పైన చీరలు జడలా అల్లుకుంటాయి. తర్వాత అవే అడుగులు వెనక్కి వేస్తే జడ విడిపోవాలి. విడిపోతేనే ఆట, లేకపోతే చిక్కు.

నాకు పుట్టుకతో ఒక జబ్బుంది: "ఇట్లా చేస్తే ఏమవుతుంది?" ఆ జబ్బుతోనే మా నాన్న గడియారం విప్పాను. అది ఇప్పటికీ విప్పే ఉంది. ఆ ఏడు నా కన్ను కోలాటం మీద పడింది.

"తాతా, మధ్యలో నాలుగు డిస్కో స్టెప్పులు పెడితే ఏమవుద్ది?" అని మా కోలాటం గురువు జక్రయ్య తాతని అడిగాను.

"నడుం ఇరుగుద్ది."

"అది కాదు తాతా. కుర్రోళ్ళెవరూ కోలాటానికి రావట్లా. కొత్తది పెడితే వస్తారు."

తాత చేతిలోని కంచు తాళాలు పక్కన పెట్టి ఆలోచించాడు. "సరే. ఈసారి ముప్పాళ్ళ ఊరి చుట్టాలు గూడా వస్తన్నారు. జనం చప్పట్లు కొడితే ఏటేటా పెడతా. కొట్టకపోతే మళ్ళీ నా ముందర ఆ పేరెత్తమాక."

అలా మా ఊళ్ళో డిస్కో భవిష్యత్తంతా నా నడుం మీద పడింది.

చీరలు ఊళ్ళో ఆడవాళ్ళవి. నా చేతికొచ్చింది మరియమ్మత్త పెళ్ళి పట్టుచీర. "కొంగు నలిగిందో, కాళ్ళిరగ్గొడతా" అని దీవించి మరీ ఇచ్చింది.

పాట జోరందుకుంది. జడ పైనుంచి చక్కగా దిగుతోంది. ముప్పాళ్ళ వాళ్ళు తలలూపుతున్నారు. ఇదే అదను అనుకుని గిర్రున తిరిగాను. చీర నడుంకి చుట్టుకుంది. విడిపించుకుందామని ఇటు తిరిగితే నా స్నేహితుడు కోటి ఎదురొచ్చాడు. వాణ్ణి తప్పించుకుంటూ వంగాను, దూరాను, మళ్ళీ తిరిగాను. పాట ఆగలేదు, మిగతావాళ్ళూ ఆగలేదు. చూసేసరికి నేను గుంజకు అతుక్కుపోయి ఉన్నాను, నా చుట్టూ ఊళ్ళోని మంచి చీరలన్నీ ఉన్నాయి. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. గొయ్యి నయం, చేతులైనా ఆడతాయి.

"ఒరేయ్, ఏందిరా ఇది?" అన్నాడు తాత.

"డిస్కో, తాతా."

"ఏ అడుగులేశావో చెప్పు. అయ్యే ఎనక్కేద్దాం."

"గుర్తు లేదు తాతా. అప్పటికప్పుడు వచ్చినయ్యి."

"కత్తెర తేనా?" అన్నాడు కోటి.

"కత్తెర తెచ్చినోడి చెయ్యి నరుకుతా! నా చీర కన్నా ఈడెక్కువా?" అని అరిచింది మరియమ్మత్త. అందరి మొహాలూ చూశాను. ఎక్కువ కాదని అర్థమైంది.

అప్పుడు మోగాయి చప్పట్లు! ముప్పాళ్ళ పెద్దాయన లేచి, "జడ మేమూ అల్లుతాం. మనిషిని కట్టేసే ఐటం మాత్రం ఎక్కడా చూళ్ళా! వచ్చే ఏడు మా ఊళ్ళో గూడా ఆడాల" అన్నాడు.

పొద్దుగూకేదాకా ఆడవాళ్ళు నన్ను తిడుతూనే ముళ్ళు విప్పారు. ఎవరో జాలిపడి నోట్లో పెడితే నిలబడే కేకు తిన్నాను. అయినా గెలిచాననే సంతోషం ఇంతా అంతా కాదు.

తాత మాట మీద నిలబడే మనిషి. మర్నాడే కబురు పెట్టాడు. "డిస్కో ఉంటది. ఆ ముడి ఇంకోసారి ఎయ్యి, కుర్రోళ్ళకి నేర్పాల."

కుర్రోళ్ళు నిజంగానే వచ్చి నిలబడ్డారు. నేను తిరిగాను, వంగాను, దూరాను. జడ సుబ్బరంగా విడిపోయింది. మళ్ళీ తిరిగాను, మళ్ళీ విడిపోయింది. ముడి పడదే! ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. నేను చీరలు మారాయన్నాను. మరియమ్మత్త తన చీర బీరువాలో పెట్టి తాళం వేసింది. కుర్రోళ్ళు ముడి కోసం వచ్చి, నన్ను చూసి విసుగెత్తి, తాత దగ్గర కోలాటం నేర్చుకున్నారు.

"మరి ముప్పాళ్ళ వాళ్ళకేం చెబుదాం తాతా?" అన్నాను.

"చెప్పి పంపించాన్లే," అన్నాడు తాత. "ఆ ఐటం ఆడేవాడికి నడుం ఇరిగిందని."

కాబట్టి చదువరులారా, మా చర్చి గుంజ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చీర కొస చేతపట్టుకుని ఈ జన్మలో డిస్కో ఆడను. ఒక్కసారి తప్ప. ఆ రోజు ముందు వంగానా, ముందు దూరానా అన్నది తేలాలి కదా.